వీధిపోటు

స్థలం చూడ్డానికి పోయిన ప్రతిచోటా
మద్దిలేటి సెంటు రేటు అడిగేవాడు.
నేను మాత్రం పక్కింటి ముసలమ్మను అడిగేదాన్ని:
"అవ్వా, ఆ యేడు నీళ్లు యాడిదాకా వచ్చినాయి?"

ఒకామె తన నడుము చూపించింది.
ఒకామె గోడమీది మేకు చూపించింది.
ఇంకొకామె ఏమీ చూపించకుండా
లోపలికి పోయి తలుపేసుకుంది.

పాత ఊర్లో మా అద్దింటి గోడకు
తుంగభద్ర గీసిన గీత ఇంకా ఉండాది.
మూడుసార్లు సున్నం కొట్టినాము.
వానలు మొదలైతే చాలు, లోపల్నుంచి పైకి తేలుతాది.
ఆ గీతకు మూరెడు కిందనే ఉండింది నా కుట్టుమిషను.
బురదలోంచి తీసి
ఎంత కిరసనాయిలు తాపినా
ఇప్పటికీ వెనక్కి కుట్టు పడదు దానికి.

కడాకు దొరికింది,
నందికొట్కూరు రోడ్డులో, గట్టుమీద, రెండున్నర సెంట్లు.
"ఇక్కడికి నీళ్లు రావాలంటే
ముందు కొండారెడ్డి బురుజు మునగాల" అన్నాడు బ్రోకరు సుంకన్న.
మరి అంత చవక ఎందుకన్నా అంటే
చెప్పులతో మట్టి గీకుతా నిలబడినాడు.

రోడ్డు తిన్నగా వచ్చి
ఈ జాగాకే గుద్దుకుంటాది.
వీధిపోటు.
మూడేండ్లుగా ఎవరూ బయానా ఇయ్యలేదంట.

మద్దిలేటి నా మొగం చూసినాడు.
నేను రోడ్డు మొగం చూసినాను.
"పోటు మనకేమన్నా కొత్తనా?"

రిజిస్ట్రారాఫీసులో
మిషను నా బొటనవేలిని గుర్తుపట్టలేదు.
ఇరవైయేండ్ల సూదిపోట్లకు
గీతలు అరిగిపోయినాయంట.
ఒక్కో వేలూ పెట్టిచూసి, పెట్టిచూసి
ఎడమచేతి చిటికెనవేలితో కొన్నాను భూమిని.

బ్యాంకులో, "జీతం స్లిప్పు ఉందామ్మా?"
నేను కొలతల పుస్తకం తీసి బల్లమీద పెట్టినాను.
నడుము ముప్పైనాలుగు, చెయ్యి పదకొండు,
బాకీ నూటయాభై.
నడుము నలభై, మెడ వెనక లోతు ఏడు,
బాకీ మూడొందలు, దసరాకు ఇస్తానన్నాది.
ఆయన నవ్వలేదు.
పేజీలన్నీ తిప్పినాడు.
"ఈ బాకీలు వసూలైనాయా?"
కొన్ని, అన్నాను.
పది లక్షలు అడిగితే ఆరు రాసినాడు.

ఆ ఆరూ ఒక్కసారి రావు.
పునాది లేస్తే కొంత, లింటెలు పడితే కొంత.
చేతులు అతికించినాకనే
సగం డబ్బిచ్చే గిరాకీ మాదిరి బ్యాంకు.
కట్టిచూపితే డబ్బు.
డబ్బుంటేగదా కట్టిచూపేది.

లింటెలు కాడ ఆగింది.
కమ్మీల రేటు పెరిగింది, మేస్త్రి చాంద్‌బాషా
కోడుమూరులో వేరే పని పట్టుకున్యాడు.
రెండు నెలలు గోడలమధ్య మేకలు పడుకున్నాయి.
మా వదిన హుసేనమ్మ
తన చీటీ నాలుగో నెలకే పాడి,
నలభైవేలు నష్టానికి పాడి,
పైట కొంగులో తెచ్చిచ్చింది.
పత్రం రాసిస్తామంటే తిట్టింది.
ఆ తిట్టు మాత్రం
కొలతల పుస్తకం చివరిపేజీలో రాసుకున్నా, తేదీ వేసి.

స్లాబు పడిన మర్నాడు
చాంద్‌బాషా పైకెక్కి చిన్నచిన్న గట్లు కట్టినాడు,
వరిమళ్ల మాదిరి.
"మూడువారాలు నీళ్లు నిలబెట్టాల తల్లీ,
ఎండితే పగులుతాది."

బోరు ఇంకా వెయ్యలేదు.
డ్రమ్ములోంచి బిందె, బిందెలోంచి మడి.
నిచ్చెనమీద సగంలో నిలబడి
ఒకసారి నవ్వొచ్చింది నాకు.
ఆ యేడు నీళ్లొస్తాన్నాయని మేము మిద్దెక్కినాము.
ఈ యేడు
నీళ్లను మేమే మిద్దెక్కిస్తాన్నాము.

రాత్రి ఒక్కదాన్నే పైకి పోతా.
చీలమండలదాకా నీళ్లు, చల్లగా, కదలకుండా.
ఇంత నీళ్లలో భయంలేకుండా నిలబడి
ఎన్నేండ్లయ్యిందో.

సోమవారం బ్యాంకు ఇంజనీరు వస్తాడు, ఫొటో తీసుకునేకి.
తలుపుల లెక్క ఇంకా కుదరలేదు.
డ్రమ్ము అడుగుకొచ్చింది.
ట్యాంకరు పిల్లోడు ఫోను చేస్తాన్నాడు:
"యాడక్కా మీ ఇల్లు, ఈ చీకట్లో?"

"తిన్నగా రా నాయనా, యాడా తిరగొద్దు.
రోడ్డు అయిపోయినకాడ బ్రేకెయ్యి.
వెయ్యకపోతే
మా పడమటింట్లో ఉంటావు."